కత్తెర సరే, సాన ఎవరు పడతారు?

మా స్టైలిస్టుల వాట్సాప్ గ్రూపులో తరచుగా ఒక ఫోటో వస్తుంటుంది. నల్ల వెల్వెట్ పెట్టెలో తళతళలాడే కత్తెర, కింద ఒక ప్రశ్న: "అన్నా, ఇది ఒరిజినల్ జపానేనా? వీజీ-10 స్టీల్ అంటున్నాడు. నలభై రెండు వేలు చెప్తున్నాడు, తీసుకోనా?" ఇక జవాబులు మొదలు, అన్నీ ఉక్కు రకాల పేర్లతోనే. 440సి కన్నా వీజీ-10 మేలని ఒకరు. ఏటీఎస్-314 అయితేనే డబ్బులు పెట్టమని ఇంకొకరు. మూడో ఆయన తన కత్తెర ఫోటో పెడతాడు, ధరతో సహా. పదును పోయాక దాన్ని ఎవరి చేతికి ఇస్తావు తమ్ముడూ అని అడిగేవాళ్ళు మాత్రం కనబడరు.

హైదరాబాద్‌లో సెలూన్ నడుపుతూ, కొత్తగా వచ్చే పిల్లలకు పని నేర్పుతూ నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. చేత్తో తయారైన జపాన్ కత్తెరకు మనం ఇచ్చే డబ్బులో ఉక్కు వాటా తక్కువ. ఆ రెండు బ్లేడ్లనీ ఒకదానికొకటి కుదిర్చిన పనివాడి చేతికే ఎక్కువ వాటా పోతుంది. ఆ కుదురు చెడిపోవడానికి ఒక్క తప్పుడు సాన చాలు. అందుకే కొనేవాళ్ళు ముందు సాన పట్టే మనిషిని వెతుక్కోవాలి. తర్వాత తమ చేతిని చూసుకోవాలి, ఆ తర్వాత అంచుని. ఉక్కు పేరు చిట్టచివర. మన దగ్గర ఇదంతా తలకిందులుగా నడుస్తోంది.

అసలు జపాన్ కత్తెరలకు ఈ పేరెందుకు వచ్చిందో చూద్దాం. అమ్మేవాళ్ళ బ్రోషర్లలో తప్పనిసరిగా ఒక సమురాయ్, అంటే పాతకాలపు జపాన్ కత్తియోధుడు, ఉంటాడు. కథ పూర్తిగా అబద్ధమేమీ కాదు. 1871లో జపాన్‌లో మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం, నడినెత్తిన ముడి తీసేసి జుట్టు కత్తిరించుకోవచ్చని ఆజ్ఞ ఇచ్చింది. 1876లో ఇంకో ఆజ్ఞతో సైనికులు, పోలీసుల్లాంటివాళ్ళు తప్ప మిగతావాళ్ళెవరూ, సమురాయ్‌లతో సహా, బయట కత్తి ధరించకూడదంది. అంటే ఐదేళ్ళ తేడాలో దేశంలో కత్తిరించాల్సిన తలలు పెరిగాయి, కత్తులు చేసేవాళ్ళకు గిరాకీ పడిపోయింది. వాళ్ళలో చాలామంది వంటింటి కత్తులు, కత్తెరలు, రైతుల పనిముట్ల వైపు మళ్ళారు. అంతకుముందు జపాన్‌లో ఇళ్ళలో వాడినవి ఒకే ఇనుప ముక్కని వంచి చేసిన, గుప్పిట్లో పట్టి నొక్కే కత్తెరలు. జుట్టు కత్తిరించడానికి వాడే, నడుమ మరతో రెండు బ్లేడ్లున్న కత్తెర పడమటి నుంచి వచ్చింది. దాన్ని తమ చేతివాటానికి తెచ్చుకోవడానికి అక్కడివాళ్ళకు కొన్ని దశాబ్దాలు పట్టింది. ఏడు వందల ఏళ్ళకు పైగా కత్తులకు పేరుపడ్డ సెకి పట్టణంలో కాయ్ కంపెనీ 1908లో మొదలైంది. ఇప్పుడు కషో కత్తెరలు వాళ్ళవే. జోవెల్ కత్తెరలు చేసే తోకోషా కంపెనీ 1917 నాటిది, మిజుతాని కంపెనీ 1921 నాటిది.

ఇంతవరకు చరిత్ర. దీన్ని పట్టుకుని 'సమురాయ్ కత్తి ఉక్కుతో చేసిన కత్తెర' అని ఎవరైనా అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. ఆ కత్తులది తుప్పు పట్టే కార్బన్ ఉక్కు. మన కత్తెరలది క్రోమియం దండిగా కలిసిన స్టెయిన్‌లెస్. లోహం రీత్యా రెండింటికీ చుట్టరికం లేదు. కత్తుల నుంచి కత్తెరలకు వచ్చింది రాయి మీద లోహాన్ని అరగదీసే ఓర్పు, వెలుగుకు ఎదురుగా పట్టుకుని వంపు చూసే కన్ను.

ఆ వంపు సంగతి తెలియకపోతే ఈ కత్తెర ధర ఎప్పటికీ అర్థం కాదు. మీ దగ్గరున్న ఏ మంచి కత్తెరనైనా మూసి, పక్క నుంచి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి చూడండి. రెండు బ్లేడ్ల మధ్య సన్నగా వెలుగు కనబడుతుంది. మర దగ్గర ఆనుతాయి, మొన దగ్గర ఆనుతాయి, మధ్యలో ఎడం. బ్లేడ్లు రెండూ ఒకదానివైపు ఒకటి కొద్దిగా వంగి ఉంటాయన్న మాట. కత్తెర మూసుకుంటున్నప్పుడు అవి ఒక్క బిందువు దగ్గరే తాకుతాయి, ఆ బిందువు మర నుంచి మొన దాకా పాకుతూ పోతుంది. జుట్టు తెగేది ఆ ఒక్క చోటే. వంపు ఎక్కువైతే బ్లేడ్లు ఒకదాన్నొకటి గీరుకుంటాయి, చేతికి బరువుగా తగులుతుంది. తక్కువైతే మొన దగ్గర జుట్టు తెగకుండా మడత పడుతుంది.

ఇక బ్లేడు లోపలి వైపు చదునుగా ఉండదు, తొలిచినట్టు పల్లంగా ఉంటుంది. ఆ పల్లం అంచున వెంట్రుకంత సన్నని చదును గీత ఒకటి నడుస్తుంది. రెండు బ్లేడ్లూ ఒకదాని మీద ఒకటి జారేది ఆ గీతల మీదే. బయటి వైపు జపాన్ కత్తెరకు హమాగురి అంచు ఉంటుంది. ఆల్చిప్ప వీపులా కనీకనబడనట్టు ఉబ్బి, మెల్లగా పదునులోకి దిగుతుంది. జర్మనీలో జోలింగెన్ పట్టణం పేరు తెచ్చింది వేరే పద్ధతి. అక్కడ అంచుని ఏటవాలుగా కోస్తారు, ఒక బ్లేడుకి కంటికి ఆనని పళ్ళు పెడతారు. ఆ పళ్ళు జుట్టుని జారనివ్వవు. దువ్వెన మీద కత్తెర ఆడించేటప్పుడు, మెడ వెనక గీత గీసినట్టు కత్తిరించేటప్పుడు అది గొప్ప సుఖం. అదే కత్తెర సగం తెరిచి పాయ మీదుగా జార్చబోతే కస్టమర్ 'అబ్బా' అంటుంది. ఇలా జార్చే స్లైడ్ కటింగ్, పొడి జుట్టు మీద మొనతో చిన్న చిన్న కోతలు వేసే పాయింట్ కటింగ్, ఈ పనులకు హమాగురి అంచుకు సాటి లేదు. నేను జపాన్ కత్తెర వాడే కారణం ఇంతే. రోజంతా దువ్వెన మీద ఆడించే పనే అయితే ఆ డబ్బు పెట్టేవాణ్ణి కాదు.

'హ్యాండ్‌మేడ్' అన్న మాట మీద కూడా కాస్త నిలకడగా ఆలోచించాలి. కొలిమి ముందు కూర్చున్న ముసలాయన ఇనుప కడ్డీని సుత్తితో కొట్టి కొట్టి మీ కత్తెర చేశాడనుకుంటే అది బ్రోషర్ చలవ. ఇవాళ మంచి పేరున్న కంపెనీల్లో కూడా తొలి రూపం అచ్చులో తయారవుతుంది. కొన్నిటికి బ్లేడు ఒక లోహం, పిడి ఇంకో లోహం, రెండూ అతికిస్తారు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి చల్లార్చడం, తర్వాత సున్నాకు బాగా కిందికి తీసుకెళ్ళి గడ్డకట్టించడం, మళ్ళీ సన్నగా వేడి చేయడం... ఇవన్నీ యంత్రాలు చేసే పనులే, యంత్రాలే చేయాలి కూడా. ఉష్ణోగ్రత విషయంలో మనిషి అంచనా కన్నా మీటరే నమ్మకం.

చెయ్యి పడేది ఆ తర్వాత. బ్లేడు లోపలి పల్లం తీయడం, చిన్న సుత్తితో తట్టి తట్టి వంపు తేవడం, రాయి మీద లోపలి గీతని సమం చేయడం, అంచుని ఆల్చిప్ప వీపుకు తేవడం, మర బిగించి వినడం, మళ్ళీ విప్పడం, మళ్ళీ తట్టడం. అవును, వినడమే. కుదిరిన కత్తెర మూసుకుంటే చప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా, మెత్తగా ఉంటుంది. ఎక్కడైనా గరగర వినిపిస్తే అక్కడ గీత ఎగుడుదిగుడుగా ఉందన్న మాట. ఇలా కుదిర్చిన రెండు బ్లేడ్లు ఒకదానికొకటి మాత్రమే సరిపోతాయి. అదే మోడల్, అదే సైజు ఇంకో కత్తెర నుంచి ఒక బ్లేడు తెచ్చి బిగిస్తే ఆ జత తెగదు. మీరు డబ్బిచ్చేది ఈ జత కుదరడానికి.

ఈ కుదురుని సాన పట్టేవాళ్ళు ఏం చేస్తారో చూడాలి. వీధిలో సైకిల్ చక్రంతో సానరాయి తిప్పుకుంటూ వచ్చేవాళ్ళ మీద నాకు చిన్నచూపు లేదు. తెనాలిలో మా నాన్న సెలూన్ కత్తెరలన్నీ ఆయనెవరో నెలకోసారి వచ్చి పట్టి ఇచ్చినవే. ఏటవాలు అంచున్న మామూలు కత్తెరకి, వంటింటి కత్తికి, దర్జీ కత్తెరకి ఆ పని చాలు. హమాగురి అంచుని ఆ చక్రానికి ఒక్కసారి ఆనిస్తే మాత్రం ఆల్చిప్ప వంపు పోయి, కొత్తగా ఏటవాలు పడుతుంది. కత్తెర పదునుగానే ఉంటుంది, అదే మోసం. ఇంటికొచ్చి కాగితం కోస్తే సర్రున తెగుతుంది. సెలూన్లో తడి జుట్టు మీద గీత గీసినా పలుకుతుంది. పాయ మీద జార్చబోయినప్పుడు గానీ తెలీదు. పైగా నీళ్ళు లేకుండా వేగంగా తిరిగే చక్రం మీద అంచు వేడెక్కి నీలి రంగుకు తిరిగితే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ మేరకు లోహం తీసేయడం తప్ప దానికి మందు లేదు.

మా దగ్గర పని నేర్చుకుని వేరే సెలూన్లో చేరిన ఒక కుర్రాడు, కంతుల మీద డెబ్భై వేలు దాటిన కత్తెర కొన్నాడు. ఏడాది పాటు సర్వీసు ఫ్రీ అని అమ్మినవాళ్ళే చెప్పారు. ఎనిమిది నెలలకు ఇచ్చాడు, వారంలో తిరిగొచ్చింది, పెట్టెతో సహా మెరుస్తూ. నా దగ్గరికి తెచ్చి "అన్నా, ఏదో తేడాగా ఉంది, పట్టి లాగుతోంది" అన్నాడు. వెలుగుకు పెట్టి చూస్తే అంచు పొడవునా తెల్లటి ఏటవాలు గీత. లోపలి వైపు కూడా చదును చేసేశారు, ఆ సన్నని గీత మూడింతలు వెడల్పయింది. అడిగితే "మా మెషీన్ ఇంపోర్టెడ్" అన్నారట. కంతులు ఇంకో ఏడాది ఉన్నాయి. వాడికి ఆ కత్తెర ఇప్పుడు దువ్వెన మీద ఆడించడానికి పనికొస్తోంది, ఐదారు వందల కత్తెర చేసే పనికి.

అందుకే కొనకముందే సాన పట్టే మనిషిని కలవమంటాను. కలిసి ఏం అడగాలి? మర విప్పి రెండు బ్లేడ్లు విడివిడిగా పడతారా అని అడగండి. విప్పకుండా పడతానంటే లేచి వచ్చేయండి. లోపలి వైపు దేని మీద పడతారని అడగండి: చదునైన రాయి మీద, తేలిగ్గా, రెండు మూడు వరసలు అన్న జవాబు రావాలి. లోపలి పల్లాన్ని పనిలో పనిగా మళ్ళీ తొలుస్తానంటే భయపడండి. మొన వంగితే సరిచేస్తారా, వంపు చూస్తారా అని అడగండి. సాన పట్టడం వేరు, వంపు సరిచేయడం వేరు, రెండోది తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ఇవన్నీ అడిగాక కూడా కొత్త కత్తెర ఇవ్వొద్దు. ముందు మీ పాత హమాగురి కత్తెర ఒకటి ఇచ్చి చూడండి. తిరిగొచ్చాక తడి టిష్యూ పేపర్ మీద మొన దాకా కోయండి. ఎక్కడా నలగకుండా, లాగకుండా తెగితే, తర్వాత పొడి పాయ మీద జార్చినప్పుడు కూడా పట్టకపోతే ఆ మనిషి ఫోన్ నంబరు దాచుకోండి. ఆయన వేరే ఊళ్ళో ఉన్నా, కొరియర్ ఖర్చు ఎక్కువైనా పర్లేదు. జపాన్‌లోని కంపెనీకే తిరిగి పంపే వీలు కొన్ని బ్రాండ్లకు ఉంటుంది, వారాలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. అయినా ఖరీదైన జతకి అదే మంచి దారి.

ఇక చెయ్యి. దీని మీద మన సెలూన్లలో మాట్లాడేవాళ్ళు తక్కువ, బాధపడేవాళ్ళు ఎక్కువ. బొటనవేలి మొదట్లో నొప్పి, మణికట్టు తిమ్మిరి, కుడి భుజం పట్టేయడం, ఇవి ఈ వృత్తితో పాటే వస్తాయని అనుకుంటాం. మా నాన్న తరం వాడింది రెండు పిడులూ సమానంగా, తిన్నగా ఉన్న కత్తెరలు. వాటిని ఆడించాలంటే బొటనవేలు ఉంగరపు వేలికి ఎదురుగా చాచి రావాలి. ఆఫ్‌సెట్ పిడిలో బొటనవేలి వైపు పొట్టిగా ఉంటుంది కనక వేలు తన సహజమైన చోటే ఉంటుంది. క్రేన్ పిడి ఇంకాస్త కిందికి వంగి ఉంటుంది, మోచెయ్యి ఎత్తకుండా పని జరుగుతుంది. బొటనవేలి ఉంగరం తిరిగే స్వివెల్ రకం నాకు నచ్చలేదు గానీ, నొప్పి ముదిరినవాళ్ళు దాంతోనే మళ్ళీ పనిలోకి వచ్చారు. చేతిలో నొప్పి మొదలైనవాళ్ళు ఉక్కు సంగతి పక్కనపెట్టి ముందు పిడి మార్చాలి.

సైజు విషయంలో ఒక సులువు. కత్తెరని అరచేతిలో పెట్టుకుంటే బ్లేడు మీ మధ్య వేలి పొడవుకు అటూ ఇటూగా ఉండాలి. ఎక్కువమందికి అది ఐదున్నర అంగుళాల కత్తెర. సైజు అంటే మొన నుంచి పిడి చివరి దాకా, చిటికెన వేలు ఆనించుకునే కొక్కెం కలపకుండా. దువ్వెన మీద పనికి ఆరు నుంచి ఏడు. సెలూన్లలో పనిచేసే అమ్మాయిలకు మేనేజర్లు మగవాళ్ళ చేతికి సరిపడే ఆరంగుళాలవి ఇచ్చి "అలవాటవుతుందిలే" అంటారు. అలవాటు కాదు, వేలు ఉంగరంలో లోపలి దాకా దూరిపోతుంది, కత్తెర మీద అదుపు పోతుంది. బొటనవేలు గోరు మొదలు దాటి ఉంగరంలోకి పోకూడదు. ఉంగరం వదులైతే రబ్బరు చుట్టలు దొరుకుతాయి, పది రూపాయల వస్తువు.

ఎడమచేతి వాటం వాళ్ళ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. కుడిచేత్తో కత్తెర మూసేటప్పుడు బొటనవేలు బయటికి తోస్తుంది, మిగతా వేళ్ళు లోపలికి లాగుతాయి. ఆ ఒత్తిడికే బ్లేడ్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి. అదే కత్తెర ఎడమచేతికిస్తే అదే ఒత్తిడి బ్లేడ్లని విడదీస్తుంది. పాపం, వాళ్ళు తెలియకుండానే బొటనవేలిని అడ్డంగా లోపలికి నొక్కుతూ పనిచేయడం నేర్చుకుంటారు, కొన్నాళ్ళకు వేలు పోతుంది. అసలైన ఎడమచేతి కత్తెరలో బ్లేడ్ల వరసే తిరగబడి ఉంటుంది. పిడి మాత్రం మార్చి 'లెఫ్టీ' అని అమ్మేవి ఉన్నాయి, జాగ్రత్త. అద్దంలో కుడిచేతి కత్తెర ఎలా కనబడుతుందో అచ్చం అలా ఉంటేనే అది ఎడమచేతిది.

ఇప్పుడు గ్రూపులో అందరూ కొట్టుకునే ఉక్కు సంగతి, త్వరగా. 440సి అన్నది అమెరికా ప్రమాణంలోని పేరు. జపాన్ కూడా చేస్తుంది, చైనా కూడా చేస్తుంది. వీజీ-10 ఫుకుయి ప్రాంతంలోని ఎచిజెన్‌లో ఉన్న తకెఫు స్పెషల్ స్టీల్ వాళ్ళది. కార్బన్ ఒక శాతం, క్రోమియం పదిహేను శాతం చొప్పున, కాస్త కోబాల్ట్. ఏటీఎస్ రకాలు హిటాచీ మెటల్స్‌వి. ఆ కంపెనీ 2023 నుంచి ప్రొటీరియల్ అన్న పేరుతో నడుస్తోంది. మంచి కత్తెరల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 62 దాకా ఉంటుంది. గట్టిదనం పెరిగితే పదును ఎక్కువకాలం నిలుస్తుంది, కింద పడితే మొన పెచ్చు లేచే ప్రమాదమూ పెరుగుతుంది. ఉక్కు అసలు లెక్కలోకే రాదని నేను అనను. 2020లో అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు గడ్డం గీసే బ్లేడ్లని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. ఉక్కుకన్నా యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడు అంచుని ఎలా పెచ్చులు లేపుతుందన్నది వాళ్ళ ప్రశ్న. ఉక్కు లోపలి అల్లిక ఒకేలా లేని చోట, వెంట్రుక వంగి పక్కగా ఒత్తినప్పుడు పెచ్చు లేస్తుందని తేలింది. కత్తెర వేరే పనిముట్టే అయినా, నాకు ఇందులో కనబడిన నీతి ఏమిటంటే ఉక్కు పేరు కన్నా దాన్ని ఎంత శ్రద్ధగా కాల్చి చల్లార్చారన్నదే ముఖ్యం. ఆ శ్రద్ధ బ్లేడు మీద చెక్కిన అక్షరాల్లో కనబడదు.

చెక్కడం అంటే గుర్తొచ్చింది. 'జపనీస్ స్టీల్' అని ఉంటే జపాన్‌లో తయారైందని కాదు. ఉక్కు అక్కడిదై, కత్తెర ఇంకెక్కడో తయారై ఉండొచ్చు. ఒక్కోసారి ఉక్కు కూడా అక్కడిది కాకపోవచ్చు. చైనాలోనూ, పాకిస్తాన్ సియాల్‌కోట్‌లోనూ మంచి పనివాళ్ళు ఉన్నారు, అక్కడి కత్తెర అక్కడిదని చెప్పి అమ్మితే నాకు ఏ పేచీ లేదు. జపాన్ పేరు పెట్టి, ఆన్‌లైన్‌లో తొంభై శాతం డిస్కౌంట్ అని, ఐదు వేలకు అమ్మేదానితోనే పేచీ. బ్లేడు మీద అలల్లా కనబడే డమాస్కస్ గీతలు, ఇంద్రధనుస్సు రంగులు అందానికి. కోతకు వాటితో పనిలేదు. నికెల్ పడక వేళ్ళ మధ్య దురద వచ్చేవాళ్ళకి మాత్రం పిడి మీద టైటానియం పూత ఉపయోగపడుతుంది, అది అరిగిపోనంత కాలం.

మా నాన్న ఈ వ్యాసం చదివితే ఏమంటాడో నాకు తెలుసు. "మీరట్ కత్తెరతో ఇల్లు కట్టాను, నిన్ను చదివించాను, ఇప్పుడు ఈ హమాగురి గోలేంట్రా?" అంటాడు. ఆ మాటకి బలం ఉంది. మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పాత బండ్ల స్ప్రింగు పట్టీల్లాంటి తుక్కు ఉక్కుని కాల్చి, సాగదీసి, అక్కడివాళ్ళు మళ్ళీ మళ్ళీ బాగుచేసుకోగల కత్తెర చేస్తారు. తాత కొంటే మనవడు వాడతాడని వాళ్ళ భాషలో సామెతే ఉంది. ఆ కత్తెరలో నేను గౌరవించేది అదే: దేశంలో ఏ మూల దాన్ని ఇచ్చినా సాన పట్టేవాళ్ళు దొరుకుతారు. నూట యాభై రూపాయల కటింగ్, రోజుకు పాతిక తలలు, అన్నీ దువ్వెన మీద పనే అయిన సెలూన్‌కి జపాన్ కత్తెర దండగ. అక్కడ ఎవరైనా అప్పు చేసి కొంటానంటే వద్దనే చెప్తాను.

నా లెక్క వేరు, ఎందుకంటే నా పని వేరు. అరవై వేల కత్తెర ఆరేళ్ళు వాడితే ఏడాదికి పది వేలు, పనిచేసే రోజుకు ముప్పై రూపాయల పైచిలుకు. సాన ఖర్చులు కలిపినా ఒక హెయిర్‌కట్‌కి వెయ్యి తీసుకునే చోట ఇది లెక్కలోకి రాదు. పైగా మెత్తగా తెగే కత్తెరతో సాయంత్రానికి చెయ్యి మిగిలి ఉంటుంది. అయితే ఈ లెక్క మొత్తం ఆరేళ్ళ మీద నిలబడి ఉంది. ఎనిమిదో నెలలో ఎవరో చక్రానికి ఆనించేస్తే రోజు ఖర్చు రెండు వందల యాభై దాటుతుంది, కత్తెర పోగా.

వాడకంలో రెండు అలవాట్లు మానుకోవాలి. ఒకటి, మన పాత సెలూన్లలో వినిపించే ఆ టిక్ టిక్. జుట్టు తెగే కోతకి కోతకి మధ్య కత్తెరని గాలిలో ఆడించడం. నాకు ఆ తాళం ఇష్టమే, చిన్నప్పుడు దానికే నిద్రొచ్చేది. కానీ జుట్టు లేకుండా మూసుకున్న ప్రతిసారీ లోపలి గీతలు ఒకదాన్నొకటి ఉత్తినే అరగదీసుకుంటాయి. రెండు, తలనిండా కొబ్బరినూనెతో, బండి మీద దుమ్ములో వచ్చిన కస్టమర్‌ని అలాగే కూర్చోబెట్టి కత్తిరించడం. ఆ దుమ్ము రాతిపొడి, నూనెతో కలిసి సానపిండిలా అంచుని తినేస్తుంది. తల కడిగించండి. రాత్రి మూసే ముందు మెత్తటి తోలు గుడ్డతో తుడిచి, మర దగ్గర ఒక చుక్క నూనె. జపాన్‌లో కమేలియా నూనె వాడతారు, మనకు కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె వద్దు, జిడ్డు గడ్డకడుతుంది. కాకినాడ, విశాఖ వైపు ఉప్పుగాలిలో పనిచేసేవాళ్ళు స్టెయిన్‌లెస్ కదా అని ధీమాగా ఉండొద్దు; బ్లీచ్, పెర్మింగ్ మందు తగిలి అలాగే వదిలేస్తే స్టెయిన్‌లెస్‌కీ మచ్చలు పడతాయి. బిగువు వారానికోసారైనా చూసుకోవాలి: బొటనవేలి ఉంగరం పట్టుకుని, రెండో పిడిని పైకెత్తి వదిలితే అది పూర్తిగా మూసుకోకుండా మూడో వంతు తెరిచి ఆగాలి. టప్పున మూసుకుంటే వదులు, మధ్యలోనే నిలబడితే బిగువు ఎక్కువ.

జుట్టు ఒత్తు తగ్గించే థిన్నింగ్ కత్తెర మీద పెద్ద మొత్తం పెట్టొద్దని మాత్రం చెప్తాను. మన జుట్టు ఒత్తు, కుదుళ్ళ దగ్గర్లో పళ్ళ కత్తెర వేస్తే రెండు వారాలకు పొట్టి వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఒత్తు తీయడం మామూలు కత్తెరతో నేర్చుకున్నవాళ్ళకి ముప్పై పళ్ళది, మధ్యరకం, ఒకటుంటే చాలు.

ఇక బడ్జెట్ ఎలా పంచుకోవాలి? పని మొదలుపెట్టి ఏడాది రెండేళ్ళైనా కానివాళ్ళు అసలు జపాన్ జోలికి పోవద్దు. పది పదిహేను వేలలో హమాగురి అంచున్న 440సి కత్తెర కొనుక్కుని, అది కింద పడేస్తూ, తప్పుగా బిగిస్తూ, ఎవరు సాన బాగా పడతారో దాని మీదే తెలుసుకోవాలి. ఈలోపు మీ చెయ్యి ఎక్కువ ఏ పని చేస్తోందో, గీత గీయడమా, జార్చడమా, దువ్వెన పనా అన్నది తెలుస్తుంది. ఆ తర్వాత ఎనభై వేలు కూడబెట్టిన రోజున, ఎనభై వేల కత్తెర ఒకటి కొనకండి. నలభై వేలవి రెండు కొనండి, ఒకే పిడి, ఒకే సైజు. సాన కోసం పంపిన జత మూడు వారాలకు గానీ తిరిగి రాదు. ఒక్కటే ఉన్నవాడు ఆ మూడు వారాలు ఆగలేక, శనివారం రద్దీకి ముందు పక్కవీధిలో చక్రం ఉన్నాయన దగ్గరికే పోతాడు.